పోగు తెగింది

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులోని మా ఇంట్లో కొంతకాలం ఒక మాట మీద కట్టడి ఉండేది. ఆ మాట 'చచ్చిపోవడం'. మనుషుల గురించే కాదు, కోళ్ల గురించి, మొక్కల గురించి, ఆఖరికి ఆరిపోయిన టార్చిలైటు గురించి కూడా ఎవరూ ఆ మాట అనడానికి వీల్లేదని మా అవ్వ గట్టిగా చెప్పింది. మామూలుగానే మా ఇళ్లలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం ఆరితే కొండెక్కిందంటారు. వాటితో పాటు ఇదీ ఒకటి అనుకుంటే సరిపోయేది. కానీ పిల్లల నోటికి తాళం వేయడం ఎంత కష్టమో పిల్లల్ని పెంచినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇదంతా మా చిన్నమ్మ కోసం. మా నాన్న తమ్ముడి భార్య ఆమె. కౌతాళం నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. కన్నడం కలిసిన ఆమె తెలుగు వింటే మాకు నవ్వు, మేం నవ్వితే ఆమెకు ఇంకా నవ్వు. ఇంట్లో మగ్గం మీద కూర్చునేది ఆమే. నేను పక్కన రాట్నం తిప్పుతూ ఆమెకు నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. మా అమ్మ జడ వేస్తే నాకు నచ్చేది కాదు, చిన్నమ్మే వేయాలి. అలాంటి మనిషికి తొలికాన్పులో బిడ్డ పురిట్లోనే పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. నెల దాటినా ఇటు తిరగలేదు. పిలిస్తే పలకదు, కలిపి పెడితే రెండు ముద్దలు తింటుంది, లేకపోతే అదీ లేదు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది.

మా చిన్నాన్న భివండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. తండ్రిని కాబోతున్నాననే సంబరంలో, అక్కడెక్కడో ఎవరో వాడి అమ్మేసిన వీడియో గేము, చేతిలో పట్టుకుని ఆడేది, ఒకటి కొన్నాడు. కడుపులో ఉన్న బిడ్డకు ముందే బొమ్మలు కొంటారా అని అవ్వ అప్పుడే గొణిగింది. అంతా అయ్యాక, సెలవు అయిపోయి తిరిగి వెళ్లే రోజు, ఆయన ఆ డబ్బాను మా అన్న చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని బస్సెక్కాడు. పారేయడానికి మనసు రాలేదు కాబోలు, ఉంచుకోవడానికి కూడా మనసు రాలేదు.

అది ఇటుకంత ఉండేది. అసలు ఆ ఆట టీవీకి తగిలించి ఆడేదట. ఆదోనిలో వీడియో గేముల అంగడిలో మా అన్న దాన్ని రంగుల్లో చూశాడు. దాన్నే కుదించి ఈ డబ్బాలోకి తెచ్చారని గొప్పగా చెప్పేవాడు. మా దాంట్లో రంగుల్లేవు, పాచిపట్టిన నీళ్లలా పచ్చటి తెర, అందులో నల్లగా వేలిగోరంత మనిషి. నెత్తిన గుండ్రటి టోపీ. వాడు పరిగెత్తాలి, దూకాలి, ఎదురొచ్చినవాళ్లను కాల్చాలి, గుంతలు దాటాలి. గుంతలో పడితే చుక్కలు చుక్కలుగా పగిలిపోతాడు. మళ్లీ మొదటి నుంచి వస్తాడు. వాడికి కొన్ని ప్రాణాలు ఇస్తారు, అవి ఉన్నంతవరకే ఆట.

ఇప్పుడు చెప్పండి, ఆ ఆటను ఆ మాట లేకుండా ఎలా ఆడతారు? మా అన్న మొదటి రోజే "సచ్చిపోయినా!" అని అరిచి అవ్వ చేత మొట్టికాయ తిన్నాడు. మరునాడు గేములో సెల్లులు అయిపోతే "సెల్లులు సచ్చి..." అని నాలుక కరుచుకుని, "అవ్వా, సెల్లులు నిండుకున్నాయి" అన్నాడు. అవ్వకు ఈ యంత్రాల సంగతి తెలియదు, నిండుకోవడమంటే అయిపోవడమన్నది బియ్యానికే అనుకుంది కాబోలు. నిండితే ఇంకేం, ఆడుకో పో అంది. వాడు ఆ సెల్లులను మిద్దె మీద ఎండలో పెట్టి, పళ్లతో కొరికి, కొత్తవి కొనిచ్చేదాకా ఏవేవో తిప్పలు పడ్డాడు. మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నెలలో మా ఇంట్లో ఎవరైనా నవ్వడం నేను చూసింది అదే.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి జాతరకు ఇంటిల్లిపాదీ బయలుదేరారు. పురిటి మైల తీరలేదు కాబట్టి చిన్నమ్మ ఇంకా గుడికి పోకూడదు. ఆమెకు తోడుగా నన్ను ఉండమన్నారు. అన్న జాతరకు పోతున్నాడు కాబట్టి గేము నాకు వదిలేస్తానన్నాడు, అందుకని నేను మారు మాట్లాడలేదు. చెప్పులేసుకుంటూ అవ్వ మా అమ్మతో అన్న మాట మాత్రం నా చెవిన పడింది.

"ఈరన్నకు మొక్కుకోనొస్తాం. వచ్చినాక కూడా ఇట్లే ఉంటే దాన్ని కౌతాళం పంపిచ్చేద్దాం. వాళ్లమ్మ దగ్గరుంటేనన్నా మనిషైతాది."

అవ్వ మంచికే అంది, ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఆ రోజు నాకు అది అర్థం కాలేదు. ఇలా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ఇల్లు దాటి పోతే ఇంక తిరిగి రాదనిపించింది. జడ ఎవరు వేస్తారు, కండెలు ఎవరికి చుట్టాలి అని నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మింగడానికే గేము పట్టుకుని ఆమె మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను.

ఆటలో ఒక చోట నేను ఎప్పుడూ దాటలేకపోయేదాన్ని. అక్కడ కింద అంతా గుంత. పైన గాలిలో ఇటుకలు కనిపిస్తాయి, మాయమవుతాయి. ఒకటి వచ్చినప్పుడు టిక్కుమంటుంది. దాని మీదికి దూకేలోపు అది ఉండదు. పడ్డాను. మళ్లీ పడ్డాను. చివరి ప్రాణం కూడా పోయేసరికి కట్టడి గిట్టడి అన్నీ మరిచిపోయి "సచ్చిపోయినా!" అని గట్టిగా అరిచేశాను.

మంచం కిర్రుమంది. చిన్నమ్మ ఇటు తిరిగింది.

"ఎవురు?" అంది. చాలా రోజులు మాట్లాడని గొంతు బొంగురుగా ఉంది.

"బొమ్మ సిన్నమ్మా... గుంతలో పడినాడు" అన్నాను.

ఆమె చాలాసేపు నా చేతిలోని డబ్బాను చూసింది. అది ఎవరి కోసం కొన్నదో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. దాన్ని వెనక్కి దాచబోయాను. మళ్లీ లేస్తాడా అని ఆమె అడిగింది. లేస్తాడు, మొదటి నుంచి రావాలి అన్నాను.

"అట్లయితే ఆ మాట అనగాకు పాపా. మగ్గంలో పోగు తెగితే ఏమంటాం? పోగు తెగింది అంటాం. ముడేసుకోని మళ్లా నేస్తాం. అట్ల అను."

ఆడు, చూస్తా అంది. నేను మళ్లీ మొదలుపెట్టాను. ఇటుకల దగ్గరికి వచ్చేసరికి ఆమె తెర చూడటం మానేసి కళ్లు మూసుకుంది. ఆ టిక్కు టిక్కు శబ్దం వింటోంది. మగ్గం మీద ఉన్నప్పుడు ఆమె కాళ్ల కదలికకు తోడుగా కన్నడంలో అంకెలు గొణుక్కునేది. ఇప్పుడు దుప్పటి కింద పాదాలు మెల్లగా కదలడం చూశాను.

"ఎనకబడతాండావు. ఇటుకను సూసి దూకగాకు, సప్పుడు ఇను. ఒందు... ఎరడు... మూరు... హారు!"

హారు అంటే కన్నడంలో దూకు అని. ఆమె అన్నప్పుడల్లా నేను దూకాను. ఇటుక కనబడకముందే దూకితే కాలు పెట్టేసరికి అక్కడ ఉంటోంది! గుంత దాటేశాను. కేక పెట్టి ఆమె మెడ పట్టుకుని వేలాడాను. తర్వాత ఆమె గేము తన చేతిలోకి తీసుకుంది. మొట్టమొదటి చిన్న గుంతలోనే పడిపోయింది. "పోగు తెగింది" అంటూ నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆ డబ్బాను గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదని తర్వాత మా అమ్మ చెప్పింది. ఏం చేయాలో తెలియక నేనూ ఆమెతో పాటు ఏడ్చాను.

ఏడుపు ఆగాక, నువ్వేమన్నా తిన్నావా అని నన్నే అడిగింది. ఇద్దరం జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ తిన్నాం. తర్వాత నా భుజం పట్టుకుని నడిచి వెళ్లి, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగింది. నెల రోజుల దుమ్ము తుడిచింది. పడుగులో, అంటే నిలువు దారాల్లో, అక్కడక్కడా పోగులు తెగి ఉన్నాయి. వాటిని ఎలా కలపాలో నా వేళ్లు పట్టుకుని చూపించింది. కొసలు తడి చేసి, ఒకదాని మీద ఒకటి వేసి, బొటనవేలితో మెలిపెట్టి లాగాలి. ముడి బయటికి కనిపిస్తుందా చిన్నమ్మా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"కట్టుకునేటోళ్లకు కనపడదు పాపా. నేసినోళ్ల ఏలికి మాత్రం తెలుస్తాది, ముడి యాడుందో."

సాయంత్రం బస్సు దిగి వచ్చినవాళ్లకు సందు మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించిందట. అవ్వ గడప దగ్గరే నిలబడిపోయింది. గేము కోసం లోపలికి దూసుకొస్తున్న అన్న రెక్క పట్టి ఆపి, కళ్లు తుడుచుకుని, ఈరన్న ప్రసాదం దేవుడి గూట్లో పెట్టింది.

చిన్నమ్మ ఆ తర్వాత కౌతాళం వెళ్లింది కూడా. ఎవరో పంపితే కాదు, తనే పోయొస్తానంది. పోతూ పోతూ మగ్గం మీది చీరను తాను వచ్చేదాకా ఎవరూ తాకవద్దని చెప్పింది. ఆ మాటతో నా భయం పోయింది. వచ్చి దాన్ని పూర్తి చేసింది. తర్వాత ఆమెకు కూతురు పుట్టింది. అప్పటికి గేము తెర నల్లబడిపోయింది. ఆ పిల్ల దాన్ని నేలకేసి కొట్టి ఆడుకునేది, చిన్నమ్మ వద్దనేది కాదు.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మా ఇళ్లలో మగ్గాలు లేవు, గుంటలు పూడ్చి బండలు పరిచేశారు. మొన్న ఎండాకాలంలో ఆదోనిలో ఉన్న నా కూతురికి కడుపులో బిడ్డ నిలవలేదు. నేను వెళ్లేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి పోతున్నారు. నేను పక్కన కూర్చుని జడ వేశాను, అంతే.

నా మనవడు, దాని పెద్ద కొడుకు, ఫోనులో ఆట ఆడుతూ ఉన్నట్టుండి "సచ్చిపోయినా!" అని అరిచాడు. నా చేతిలోని జడ బిగుసుకుంది. అట్ల అనగాకప్పా, పోగు తెగింది అను అన్నాను.

"పోగంటే ఏంది అవ్వా?" అన్నాడు వాడు.

నేను చెప్పబోయేలోపు నా కూతురు ఇటు తిరిగింది. తన చీరకొంగు అంచు నుంచి ఒక దారం లాగి, తెంపి, రెండు కొసలూ వాడికి చూపించింది. నాలుకతో తడి చేసి, బొటనవేలితో మెలిపెట్టసాగింది. దానికి ఆ ముడి నేర్పింది నేనే.