ఎవరూ కాజేయని ఏడో అధ్యాయం

హిందూపురం డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే బసవరాజు సారుకు లోకం మీద ఒకటే ఫిర్యాదు: తన పుస్తకాన్ని పిల్లలు కొనకుండా జిరాక్సు తీయించుకుంటున్నారు. మెట్ట సేద్యం మీద ఆయన జీవితంలో రాసిన ఏకైక గ్రంథమది. దానికోసం మూడు ఎండాకాలాలు ఓబులదేవరచెరువు పల్లెల్లో గొర్రెల మందల వెంట తిరిగారు. ఆ తిరుగుడంతా ఏడో అధ్యాయంలో ఉంది.

నేరాన్ని రుజువు చేద్దామని ఒకరోజు కాలేజీ ఎదుట జిరాక్సు షాపు నడిపే ఉలిగమ్మను నిలదీశారు. ఆమె ఏమీ దాచలేదు.

"రెండో పాఠమూ అయిదో పాఠమూ తీస్తాండాం సార్. పరీక్షకు ఆ రెండే వస్తాయంట."

"మరి ఏడోది?"

"అది ఎవురూ అడగల్యా సార్."

దాంతో సారు కోపం రెట్టింపైంది. సెలవు పెట్టి, పెనుకొండ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న పుస్తకం ఒప్పందం తీసుకుని, ధర్మవరంలో వకీలు ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్లారు. వకీలు దాన్ని రెండుసార్లు చదివి రెండు శుభవార్తలు చెప్పాడు. ఒకటి, హక్కులన్నీ సారు ఎప్పుడో ప్రచురణకర్తకు సంతకం పెట్టి ఇచ్చేశారు కాబట్టి కేసు వేసే అర్హత ఆయనకు లేదు. రెండు, ఉన్నా లాభం లేదు. పాఠం చెప్పడానికి అయ్యవార్లు, చదువుకోవడానికి పిల్లలు కాపీలు తీసుకుంటే కాపీరైటు చట్టం తప్పు పట్టదు.

"అది దొంగతనం కాదు సార్, చదువు."

"దొంగతనమైనా బాగుండునప్పా. పుస్తకమంతా ఎత్తుకుపోయుందురు."

తిరుగు రైల్లో సారు చట్టాన్ని తిడుతూనే ఉన్నారు. పెనుకొండలో దిగబోతుండగా తట్టింది, ఆ అయ్యవార్లలో తానూ ఒకడినని. తన పుస్తకాన్ని తాను కాపీ తీయడానికి ప్రచురణకర్తను అడుక్కోనక్కర్లేదు. మర్నాడే ఉలిగమ్మ చేత ఏడో అధ్యాయం నలభై కాపీలు తీయించి క్లాసులో పంచారు. పిల్లలు మర్యాదగా మడిచి సంచుల్లో పెట్టుకున్నారు.

వారం గడిచాక ఈశ్వరి లేచి నిలబడింది. ఓబులదేవరచెరువు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే, గొర్రెల కాపరి కూతురు.

"సార్, ఎరువుకని చేన్లో మంద నిలిపితే రైతు గింజలిస్తాడని రాసినారు. మా నాయనకు గింజలిచ్చి పదేండ్లాయ సార్. ఇప్పుడు దుడ్లే."

ఇన్నేళ్లకు ఒక పాఠకురాలు దొరికింది, అదీ తప్పు పట్టడానికి. సారు నిట్టూర్చి పెన్ను తీశారు. తన పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, ఈశ్వరి చెప్పింది పక్కన రాసుకున్నారు.

"అందరూ దిద్దుకోండి," అన్నారు విసుగ్గా.

ఏ పేజీ సార్ అంటూ మిగతా ముప్పై తొమ్మిది మంది మొదటిసారి మడత విప్పారు.