దూరపు వరస ముందు

అరవైల మొదట్లో, నాకు పెళ్ళయిన మరుసటి ఏడు, మా అత్త ఇంటి వెనక ఇసుక దిబ్బ మీద సర్వి మొక్కలు, అంటే సరుగుడు, నాటించింది. మైపాడుకు కాస్త ఎగువన, సముద్రపు ఒడ్డున ఉండేది మా మెట్టినిల్లు. నేనేమో అల్లూరు వైపు మాగాణి ఊళ్ళో పుట్టినదాన్ని. అక్కడ కాలవకు గండి కొడితే చాలు, నీళ్ళు వాటంతటవే మడి తర్వాత మడికి పోతాయి. ఇక్కడ అట్లా కాదు. ఇసుకలో తవ్విన దొరువులోకి దిగి, కడవ ముంచి, నడుముకెత్తుకుని, మొక్క మొక్క దగ్గరికీ పోయి చెంబుతో పొయ్యాలి.

మోసేది ముగ్గురం. అత్త, పెళ్ళికాని ఆడబిడ్డ, నేను. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. మా ఆయన నెల్లూరులో కట్టెల అడితిలో పనిచేస్తూ ఆదివారాలే ఇంటికి వచ్చేవారు.

అత్తది ఒకటే పద్ధతి. దొరువు పక్కనున్న వరసతో మొదలుపెట్టి, ఒక వరస అయ్యాక ఇంకో వరస పోసుకుంటూ సముద్రం వైపుకు పోవడం. చివరి వరసలు చేరేసరికి ఎండ ముదిరిపోయేది. ఇసుక అరికాళ్ళను కాల్చేది. ఒళ్ళు అలిసిపోయి కడవలు సగమే ముంచేవాళ్ళం. మాఘమాసం దాటేసరికి ఆ చివర మొక్కలు ఎర్రబడ్డాయి. ముట్టుకుంటే కొసలు చిటుక్కున విరిగేవి.

మా పుట్టింట్లో వరి వామి వేసేటప్పుడు వరసగా నిలబడి పనలు అందించుకునేవాళ్ళు. కడవలు కూడా అట్లా అందించుకుంటే నడక తప్పుతుంది కదా అని చెప్పాను. అత్త సరేనంది. కానీ ముగ్గురం ఎంత ఎడంగా నిలబడినా దిబ్బ సగానికి కూడా చాలలేదు. అందించడానికి పరుగులు తీయాల్సి వచ్చింది. చివరికి నా చేతిలోంచి కడవ జారి పగిలింది.

"కడవా పాయె, నీళ్ళూ పాయె," అంది అత్త. "కాలవ నీళ్ళ ఊర్నించి వచ్చినదానివి, మొయ్యడం గురించి నీకేం తెలుసుమే? నేను చెప్పినట్టు చెయ్యి, చాలు."

ఆ పూట అన్నం సహించలేదు. అయినా మర్నాడు దొరువు దగ్గర మళ్ళీ నోరు విప్పాను.

"అత్తా, నడక తగ్గకపోతే పోనీ. ఓపికున్నప్పుడే దూరపు వరసలు పోసేద్దాం. దగ్గరివి ఆఖర్న పోద్దాం."

"యాడ మొదలుపెట్టినా అన్ని కడవలూ మొయ్యాల్సిందే గదా?"

"మొయ్యాల్సిందే. చూద్దామని."

ఆమె దొరువు దగ్గర్నుంచి సముద్రం వైపుకు దిబ్బ మధ్యలో కాలితో గీత గీసింది. "ఈ పక్క నాది. ఆ పక్క నీది. పిల్ల ఒక పూట నాకు, ఒక పూట నీకు. ఎవురు ముందు ముగిస్తారో చూద్దాం."

రోజూ అత్తే ముందు ముగించేది. ఆమె చెయ్యి తిరిగిన మనిషి. నేను ఇంకా కడవ మోస్తూండగానే ఆమె కాళ్ళు కడుక్కుని పొయ్యి రాజేసేది. సిగ్గుతో తలెత్తలేకపోయేదాన్ని.

ఒక సాయంత్రం నా వంతుకు వచ్చిన ఆడబిడ్డ ఒక వరస వెంట కాకుండా రెండు వరసల నడుమ నడుస్తూ, అటొక చెంబు ఇటొక చెంబు పోస్తూ కనిపించింది.

"ఇట్టయితే కడవతో సగం దూరమే పోతే చాలు వదినా," అంది నవ్వుతూ.

నేనూ అట్లాగే పోశాను. కడవ చంకన ఉన్నప్పుడు తగ్గిన ఆ కాస్త నడక ఎంత సుఖమో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ రోజు అత్తా నేనూ కలిసే ఇంటికొచ్చాం.

అంతకన్నా పెద్ద సంగతి తర్వాత బయటపడింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున అత్త ఒంటరిగా సముద్రం వైపు చివరికి నడిచి వెళ్ళింది. నేను దొరువు దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆమె తన పక్క ఎండిన మొక్కనొకదాన్ని వంచి చూసింది. గీత దాటి నా పక్కకు వచ్చి కూర్చుంది. అక్కడ ఎర్రబడిన కొసల మధ్య పచ్చటి చిగుళ్ళు వచ్చాయి. వాటిని వేళ్ళతో నిమిరి చూసి, తిరిగి దొరువు దగ్గరికి వచ్చింది. కడవ ముంచుకుని దగ్గరి వరసలన్నీ దాటేసి నేరుగా ఆ చివరికే పోయింది. కాసేపటికి అక్కడ్నుంచి కేకేసింది.

"రాండిమే! రెండు వరసల నడాన ఎట్టా పొయ్యాలో నాకూ చూపించండి."

ఆ ఎండాకాలం కొన్ని మొక్కలు పోయాయి గానీ ఎక్కువ భాగం నిలిచాయి. మరుసటి కార్తీకానికి నా భుజం దాటాయి. అప్పుడు అత్త తూర్పు దిబ్బ మీద కూడా నాటదామంది. వాన వెలిసిన పొద్దున ముగ్గురం అక్కడికి పోయాం. ఖాళీ ఇసుక వంక చూస్తూ అత్త నన్నడిగింది.

"చెప్పుమే, ఈడ యాడ్నించి మొదలుపెడదాం?"

"ముందు దొరువు యాడ తవ్వాలో చూద్దాం అత్తా. ఈసారి మధ్యలో తవ్వితే?"

ఆమె కడవ కింద పెట్టి నాతోపాటు దిబ్బ మధ్యకు నడిచింది.