బావురుపిల్లి భోజనం

అవనిగడ్డ నుంచి బందరు వెళ్తున్న బస్సులో నా పక్కన ఒక కెమెరామన్ కూర్చున్నారు. మడ అడవిలో చేపలు పట్టుకు తినే బావురుపిల్లిని వీడియో తీయడానికి నెల్లాళ్ళు కాపు కాశారట.

“కనిపించిందా అండీ?” అన్నాను.

“నిన్న వచ్చిందండి, పాపం, ఎముకల గూడు. చేపను నోట కరిచింది. లైటు వేస్తే వదిలేసి బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆర్పేశాను. చీకట్లో నమిలే చప్పుడు విన్నాను.”

“మరి వీడియో?”

“ఒట్టి చేతులతో వెళ్తున్నానండి. ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో!” అని నవ్వారు.

పొలాలు పోయాక మా ఇంట్లో వీధి తలుపు గడియ వేసుకునే అన్నం తినేవాళ్ళం. కంచంలో ఏముందో ఎవరి కంటా పడకూడదని అమ్మ పట్టుదల.

ఒకరి సామాను మోయడం మా వంశంలో లేదు. బందరులో ఆయన వద్దంటున్నా కెమెరా పెట్టెలన్నీ నేనే దించాను.