మూడో బెంచీలో ఖాళీ చోటు

శంషాబాద్‌లో విమానాలు దిగే దారి కింద బడి ఉంటే, అక్కడి టీచర్లకు ఒక అలవాటు వస్తుంది. తలమీదుగా విమానం వచ్చినప్పుడల్లా గొంతు పెంచి అరవడం కొత్తవాళ్ళ పని. పాతవాళ్ళు ఆగిపోతారు. సుద్దముక్క బోర్డు మీద ఎక్కడుందో అక్కడే, మాట ఎక్కడ తెగిందో అక్కడే. పిల్లలూ అలాగే బిగుసుకుపోతారు. చప్పుడు దాటిపోయాక తెగిన మాట దగ్గరే పాఠం మళ్ళీ అందుకుంటుంది. కొత్తవాడెవడైనా ఆ సమయంలో కిటికీలోంచి తొంగిచూస్తే జడుసుకోవలసిందే. గదినిండా మనుషులు, ఒక్కరిలోనూ కదలిక ఉండదు.

శ్రీలతకు ఈ ఆగడం ఒంట్లో కలిసిపోయింది. ఆ చుట్టుపక్కలే కందుకూరు దగ్గరి పల్లెలో పుట్టి, బీఎడ్ చదివి, శంషాబాద్ పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. పెళ్ళయినా, కిరాయి ఇళ్ళు మారినా బడి మారలేదు. గొంతు మాత్రం మారింది. ముందు బొంగురుపోయింది. తర్వాత సాయంత్రమయ్యేసరికి నోట్లోంచి గాలి తప్ప మాట రాకుండా పోయింది. దవాఖానలో డాక్టరు తెరమీద గొంతులోని బుడిపెలు చూపించి, క్లాసులు మానకపోతే గొంతు పూర్తిగా పోతుందని తేల్చేశాడు.

"నీ గొంతు విమానమెక్కి పోయిందే," అని మొగుడు రాఘవేందర్ నవ్వాడు. నవ్వాడే గానీ ఆ పూటంతా ఆమెను మాట్లాడనివ్వలేదు. ఏం కావాలన్నా చేత్తో చూపించమన్నాడు.

టీచర్ల దినం నాడు శాలువా కప్పి, మీరు కొవ్వొత్తుల్లాంటివారు, కరిగి వెలుగిస్తారు అని ఉపన్యసించేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. కరిగాక ఆ కొవ్వొత్తి ఏ పనిలో చేరాలో మాత్రం వాళ్ళు చెప్పరు. శ్రీలత తనంతట తనే వెతుక్కుంది. ట్యూషన్లంటే మళ్ళీ గొంతే. విమానాశ్రయంలో కౌంటరు కొలువులకు కాలేజీ వదిలిన పిల్లలే కావాలట. మిగిలింది ఒకటే: పాఠాలు రికార్డు చేసి ఫోన్లలో అమ్మే కంపెనీ. చీర అంచుకు మైకు తగిలిస్తారు, గుసగుసలాడినట్టు చెప్పినా చాలు. ఎదురుగా పిల్లలుండరు. కెమెరా ఒక్కటే ఉంటుంది.

విమానాశ్రయం రోడ్డులో అద్దాల మేడ. ఉద్యోగం ఇవ్వబోయేముందు చెప్పించే డెమో క్లాసుకు ఆమెను పైఅంతస్తులో కిటికీల్లేని గదిలో నిలబెట్టారు. త్రిభుజం కోణాల పాఠం చెప్పింది. హాయిగా, తొణక్కుండా, గొంతు నొప్పి లేకుండా చెప్పింది. బయటికొచ్చి, ఉద్యోగం వచ్చినట్టేననుకుంది.

కంపెనీ మేనేజరు ఫణి విజయవాడ మనిషి, మర్యాదస్తుడు. మంచినీళ్ళు ఇప్పించి, కంప్యూటరు ఆమెవైపు తిప్పాడు.

"పాఠం చాలా బావుందండీ. రెండే విషయాలు. మీరు మధ్యమధ్యలో ఆగిపోతున్నారు."

"విమానాలు సార్. అలవాటు."

"ఈ గదిలోకి విమానం చప్పుడు రాదండీ. దానికోసమే గోడలకు అన్ని పొరలు వేయించాం." అతను ఒక బొత్తాం నొక్కాడు. "రెండోది, మీరు కెమెరావైపు చూడట్లేదు. ఎటు చూస్తున్నారో మీరే చూడండి."

తెరమీద శ్రీలత చీర కట్టుకుని ఎవరో ఒకామె నిలబడి ఉంది. మాట మధ్యలో ఆగింది. ఆమె చూపు కెమెరా పక్కకు జరిగి, కొంచెం కిందికి దిగింది. బెంచీ మీద కూర్చున్న పిల్లల తల ఉండే ఎత్తులో నిలిచింది. ఆమె తల వాల్చి వింటోంది. తర్వాత కనుబొమలు పైకి లేచాయి, ముఖం విప్పారింది. అంత తృప్తి తన ముఖంలో పెళ్ళి ఫొటోల్లో కూడా చూడలేదు శ్రీలత.

"కరెక్ట్. కూర్చో," అంది తెరమీది ఆమె మెల్లగా. మళ్ళీ పాఠం సాగింది.

"అక్కడ ఎవరున్నారండీ?" ఫణి నవ్వుతూ అడిగాడు.

అక్కడున్నది బూడిదరంగు గోడ. ఆ మాట అన్నట్టే శ్రీలతకు గుర్తు లేదు. పాఠమంతా అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. ప్రతిసారీ అదే వైపు, అదే ఎత్తు.

"కంగారు పడకండి, ఆ ముక్కలు మావాళ్ళు కత్తిరించేస్తారు," అన్నాడు ఫణి. "మా దగ్గరికొచ్చే టీచర్లందరిదీ ఒకటే బాధండీ. ఎదురుగా పిల్లలు లేకపోతే నోరు పెగలదు. మీకు ఆ ఇబ్బందే లేదు. ఉద్యోగం మీదే. ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి."

మర్నాడు పొద్దున తొమ్మిదో తరగతిలో ఆమె బోర్డు మీద గీత గీస్తుండగా విమానం వచ్చింది. ఆగింది. ఈసారి తన చూపు ఎటు పోతోందో తనే కాపు కాసింది.

మూడో బెంచీ, నడుమ. అక్కడ ఎవరూ లేరు.

మిగతా బెంచీల మీద పిల్లలు కిక్కిరిసి, చివరివాళ్ళు సగం గాల్లో కూర్చున్నారు. మూడో బెంచీ మీద మాత్రం ఇద్దరు ఈ కొసకు, ఇద్దరు ఆ కొసకు ఒదిగిపోయి ఉన్నారు. మధ్యలో ఒక పిల్ల పట్టేంత చోటు. కనీసం సంచీ అయినా పెట్టలేదు. రోజూ ఇదే గదిలో హాజరు తీసుకుంటూ కూడా తను దాన్ని చూడలేదు.

"రేఖా, గట్ల ఇరుకుల కూసున్నరేందమ్మా? నడుమ జాగ ఉంది గద."

ఆ బెంచీ కొసనున్న రేఖ పక్కపిల్ల ముఖం చూసింది. "ఆడ కూసోం టీచర్."

"ఎందుకు?"

"పెద్ద క్లాసు అక్కలు కూసోవద్దని చెప్పిన్రు. వాళ్ళకు వాళ్ళ పై క్లాసోళ్ళు చెప్పిన్రంట." రేఖ గొంతు తగ్గించింది. "విమానం పోయేటప్పుడు మీరు ఆడికే చూస్తరు టీచర్. 'కరెక్ట్, కూర్చో' అంటరు. మేమెవ్వలం లేశి నిలబడం."

గదిలో ఎవరూ నవ్వలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఇది వాళ్ళకు వింత కాదు.

"మీకు భయమైతలేదా?"

వెనకబెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. "మొదట్ల అయింది టీచర్. ఇప్పుడేం లేదు. ఆడ కూసునేటోడు మంచిగ చదువుతడు గదా, మీరు వాన్ని ఒక్కనాడు తిట్టలే."

అప్పుడు నవ్వారు అందరూ. శ్రీలత కూడా నవ్వబోయింది.

"మరి మిమ్ముల చూడనా నేను?"

"చూస్తరు టీచర్," అంది రేఖ, నొప్పించకూడదన్నట్టు. "హోంవర్కు చెయ్యకుంటె చూస్తరు."

ఆమె మూడో బెంచీ దగ్గరికి నడిచింది. తక్కిన చెక్కంతా కంపాసు ముల్లుతో చెక్కిన పేర్లు, సిరా మరకలు. ఆ మూరెడు మేర మాత్రం కొన్ననాటి రంగు అలాగే ఉంది. దానిమీద చెయ్యి ఆనించింది. ఆనించి, ఎవరి ఒళ్ళోనో పొరపాటున చెయ్యి వేసినట్టు చటుక్కున తీసేసింది. పిల్లలు ఆమె చేతినే చూస్తున్నారు.

కొత్త ఉద్యోగం సంగతి విని, మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ విజయ స్టాఫ్‌రూములో ఆమెను కూర్చోబెట్టుకుంది. విజయది గుంటూరు. మాటల్లో ప్రేమా ఉంటుంది, సభల్లో విన్న ఉపన్యాసాలూ ఉంటాయి.

"నువ్వు టీచర్‌గానే పుట్టావు శ్రీలతా. పిల్లల్లేని గదిలో నిలబడి ఎలా చెప్తావమ్మా? ప్రాణం ఒప్పుతుందా?"

"పిల్లల్లేకుంటనే చెప్తున్న మేడం. శానా ఏండ్ల సంది. నాకే ఎరుక లేకుండె."

విజయ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని తేల్చి, మిరియాల పాలు తాగమంది.

శ్రీలత ఆవరణలోకి వచ్చి ఫణికి ఫోన్ చేసింది. అప్పటికే గొంతు జీరపోయి, ఒక్కో మాటా పీకి బయటికి తియ్యాల్సి వస్తోంది.

"వస్తున్న సార్. నెలాఖరుకు ఈడ మానేస్త."

"చాలా సంతోషమండీ! అన్నట్టు, ఆ కెమెరా సంగతి మావాళ్ళతో మాట్లాడాను. మీరేం అలవాటు మార్చుకోనక్కర్లేదు. మీరు చూసేచోటికి కెమెరానే జరిపేస్తాం. తీరిపోతుంది కదా?"

"ఆడ వద్దు!"

తాడాట ఆడుతున్న పిల్లలు తాళ్ళు జారవిడిచి ఇటు తిరిగారు. లెక్కల టీచరు గొంతు ఇలా ఉంటుందని వాళ్ళకు తెలియదు. జీర లేదు, తెగడం లేదు. గంట కొట్టినట్టు వచ్చింది.

"మరి ఎక్కడ పెట్టమంటారండీ?" ఫోన్లో ఫణి మాట కొంచెం నెమ్మదించింది.

"జర పక్కకు పెట్టుండ్రి సార్," అంది శ్రీలత, అదే గొంతుతో. "ఆ జాగ మాత్రం ఇడిశిపెట్టుండ్రి."