సరంగు ఇంట్లో జనరేటర్

మొన్న ఆదివారం పొద్దున్న కింది ఫ్లాటాయన కాఫీ వేళకి పైకొచ్చాడు. సబ్బవరంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు, దానికి జనరేటర్ కొంటాడట. "స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేశారు కద సార్, ఎన్ని కేవీఏ తీసుకోమంటారు?" అన్నాడు. ఇలాంటి ప్రశ్న ఎవరడిగినా నాకు పండగే. గంట తక్కువ కాకుండా వాయిస్తాను, మా ఆవిడ ఏదో పనున్నట్టు వంటింట్లోకి జారుకుంటుంది. ఆవేళ మాత్రం అదంతా ఒదిలేసి, ఎక్కడ పెడతావని అడిగాను. "వానకి తడవకుండా మెట్ల కింద పెడదామనుకుంటన్నాం సార్, పక్కనే మా అమ్మ గది, తలుపులేసుకుంటే చప్పుడు కూడా ఉండదు" అన్నాడు. నేను కేకలేశానట. ఏమని కేకలేశానో నాకు గుర్తు లేదు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది, పాపం ఆయన సగం కాఫీ ఒదిలేసి వెళ్లిపోయాడు. సాయంత్రం నేనే కిందికి దిగి, క్షమించమని అడిగి, ఆ జనరేటర్ ఇంటికి దూరంగా ఆరుబయటే ఎందుకుండాలో కూర్చుని చెప్పొచ్చాను. ఆ చెప్పడమేదో ఇంకొకరికి చెప్పాల్సింది, చాలా ఏళ్ల కిందట.

మాది భీమిలి దారిలో సముద్రం ఒడ్డు పల్లె. తాతల నుంచీ వేటే. నేనొక్కణ్ణే ఐటీఐ చదివి, ప్లాంటు గేటు లోపలికి పోయి, చేపల వాసన ఒదిలించుకుని పెద్దమనిషినయ్యానని మా అక్క ఎగతాళి చేసేది. అక్క మొగుడు, మా బావ, మరబోటు మీద సరంగు. అంటే బోటు నడిపేవాడు, నడిసంద్రంలో ఏడెనిమిది మంది ప్రాణాలు అతని చేతిలో. బావకి దేవుడంటే భక్తి ఉందో లేదో తెలీదు గానీ ఇంజనంటే ఉంది. వానొస్తే తన దుప్పటి తీసి ఇంజన్ మీద కప్పి తను తడిసేవాడట. "ఇంజన్ తడిత్తే ఆగిపోద్ది, అది ఆగితే మనం పోయినట్టే" అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అతని బోటుని ఇంకో బోటు తాడు కట్టి లాక్కురాలేదు. పెళ్లిళ్లలో కూడా ఆ సంగతే చెప్పుకునేవాడు, మేం నవ్వుకునేవాళ్లం.

మా అక్కకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. చిన్నప్పట్నుంచి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి. వానాకాలంలో తడి కట్టెలు ఊదుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఆ పొగలోనే మాకు పులుసు కాచి పెట్టేది. ఆ పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, ఏం లాభం. పెద్దాసుపత్రి డాక్టరు ఫోటోలు చూసి, ఇది బాగయ్యేది కాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నాడు. ఆక్సిజన్ మిషను ఒకటి రాశాడు, రోజుకి పదిహేను గంటలు ముక్కుకి గొట్టం. మిషను కరెంటుతో ఆడుతుంది. మా పల్లెలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు, గాలి కాస్త గట్టిగా వీచినా స్తంభం మీద టప్పుమంటుంది. మా ఇంటికొచ్చెయ్యవే అంటే, "మీ మూడో అంతస్తులో నాకు గాలాడదురా" అంది. మాట చెప్పి తనే నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది, చాలాసేపు ఆగలేదు.

అప్పుడు జనరేటర్ మాటొచ్చింది. ఇన్వర్టరైతే నాలుగైదు గంటలు, తుఫానొస్తే రోజుల తరబడి కరెంటుండదు. బావ హార్బర్‌లో పాత బోట్లు విప్పేచోట ఒక డీజిల్ ఇంజన్ చూసుకొచ్చాడు. "కొత్తవి ఏటి పని సేత్తాయి బావా, ఇది గుర్రం" అన్నాడు. మా వైపు మగాళ్లు వరస ఎటున్నా బావా అనే పిలుచుకుంటారు. ఆ గుర్రం మొదలెడితే వీధి వీధంతా లేచి కూర్చుంటుందని చెప్పి ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు. మిషను ఎంత లాగుతుందో చూశాను, మొదలెట్టినప్పుడు ఇంకాస్త ఎక్కువ లాగుతుంది కదా, దానికో లెక్క, ఒక ఫ్యాను, రెండు లైట్లు. రెండు కేవీఏ పెట్రోలుది చాలు. కొత్తది కొన్నాం. బావ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

బిగించడం నేనే బిగించాను. పెరట్లో, ఇంటికి ఇరవై అడుగుల అవతల, సిమెంటు దిమ్మ కట్టించి, పైన రేకు వేయించి, పొగగొట్టం సముద్రం వైపు తిప్పాను. ఎర్తింగ్ గుంతలో బొగ్గూ ఉప్పూ పోస్తుంటే బావ పడీ పడీ నవ్వాడు. "మన నేలకి కూడా ఉప్పెయ్యాలేటి!" అన్నాడు. లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా చేంజోవర్ స్విచ్ పెట్టాను, కలిస్తే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుందని చెప్పాను. వేడి మీద పెట్రోలు పొయ్యకు, ఆపి చల్లారనియ్యి, ఆ కాసేపూ అక్కకి చిన్న ఆక్సిజన్ సిలిండరు పెట్టు అని చెప్పాను. అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. దీన్ని ఇక్కణ్ణుంచి కదపకు అని కూడా చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

ఇక్కడే ఆగి నన్ను నేను తిట్టుకోవాలి. ప్లాంటులో ఫర్నేసు వైపు పోవాలంటే మా అందరి జేబులకీ గ్యాసు మీటరుండేది. కార్బన్ మోనాక్సైడ్ అని, వాసన లేని విషవాయువు, అది గాల్లో కాస్త పెరిగితే మీటరు కుయ్యిమని అరుస్తుంది. ఏడాదికోసారి క్లాసు పెట్టేవాళ్లు, ఎలా తల తిరుగుతుందో, ఎలా నిద్రలాగే ప్రాణం పోతుందో బొమ్మలేసి చూపించేవాళ్లు. ఆ జనరేటర్ పొగలో ఉన్నది కూడా అదే. నాకు తెలుసు. కానీ దిమ్మ మీద కూర్చుని టీ తాగుతూ నేననుకున్నది ఒకటే. ముప్పై ఏళ్లు ఇంజన్ పక్కనే పడుకున్న మనిషి, అక్క మొగుడు, వయసులో పెద్ద, ఈయనకి నేను పొగ గురించి పాఠం చెప్పడమా, చిన్నబుచ్చుకోడూ! సముద్రం మీద పొగని గాలి ఎత్తుకుపోతుంది, గదిలో పోదు. ఆ తేడా ఆయనకి తెలిసే అవకాశమే లేదని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ఏడు తుఫాను పొద్దున్నే మొదలై ఆ రోజంతా కొట్టింది, వాన మర్నాడూ ఒదల్లేదు. చెట్లు రోడ్లకి అడ్డం పడ్డాయి, ఫోన్లు పోయాయి. నాకు ప్లాంటులో డ్యూటీ, బయటికి ఒదల్లేదు. ఒక్క ధైర్యం ఉండేది. జనరేటర్ ఉందిలే, నేనే బిగించాను కదా అని పక్కవాళ్లతో గర్వంగా చెప్పాను కూడా. మూడో రోజు మధ్యాహ్నానికి కొంత లారీ ఎక్కి, కొంత నడిచి పల్లెకి చేరాను. పెరట్లో దిమ్మ మీద రేకు లేదు. జనరేటర్ కూడా లేదు. దాని చప్పుడు వసారాలోంచి వస్తోంది. వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు.

రేకు ఎగిరిపోయిందట. ఇంజన్ తడుస్తుంటే బావ చూడలేకపోయాడు. పక్కింటాయన్ని సాయం పిలిచి దాన్ని వసారాలోకి మోసుకొచ్చాడు. జల్లు కొట్టకుండా గ్రిల్లుకి టార్పాలిన్ గట్టిగా కట్టాడు, అక్క మీద చెమ్మ పడకుండా గది కిటికీలు మూశాడు. వసారాకీ గదికీ మధ్య తలుపు మాత్రం తీసే ఉంచాడు, ఇంజన్ చప్పుడు తేడా వస్తే వినపడాలని. తను ఒడ్డున బోటు చూసుకోడానికీ రేకు వెతకడానికీ అటూ ఇటూ తిరిగాడు, అందుకే మిగిలాడు. నేనొచ్చిన రోజు పొద్దున వాన తగ్గాక పిలిస్తే అక్క పలకలేదు. జనం వచ్చి టార్పాలిన్ విప్పారు.

ముందు వెళ్లి జనరేటర్ ఆపాను. అప్పుడే ఆక్సిజన్ మిషను కూడా ఆగింది, అంతవరకూ అది నడుస్తూనే ఉంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "రెండ్రోజులు దీన్ని ఆగనివ్వలేదు బావా. తల పగిలిపోతంది, డోకులొచ్చినాయి, అయినా నాను ఆగనివ్వలేదు. మీ అక్క ఊపిరే ఆగిపోయింది" అన్నాడు. లోపల అక్క బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "ఎంత కళగా ఉందో సూడండే, ఎన్నాళ్లకి రంగొచ్చింది" అని ఎవరో ఏడ్చారు. ఆ రంగు నేను క్లాసులో బొమ్మల్లో చూశాను. పెరట్లోకి పోయి ఆ ఖాళీ దిమ్మ మీద కూర్చుని ఏడ్చాను. అందరూ అక్క కోసం అనుకున్నారు, సగం అక్క కోసమే.

ఎవరూ ఏమీ అడగలేదు. జబ్బు మనిషి, తుఫాను, అయిపోయింది అన్నారు. ఏటా సంవత్సరీకానికి బావ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, తన ఇంజన్ చివరిదాకా ఆగలేదని. అది చెప్పేటప్పుడు మాత్రం ముసలాయన నడుం నిలబడుతుంది. ఇప్పుడు చూపు సరిగా ఆనదు, బోటు ఎప్పుడో అమ్మేశాడు, ఒక్కడే ఆ రెండు గదుల్లో ఉంటాడు. నేను నెలకోసారి వెళ్లొస్తాను. పోయిన నెల ఉన్నట్టుండి అడిగాడు. "బావా, నువ్వు కరెంటోడివి. నిజం సెప్పు, నావల్ల ఏటైనా తప్పు జరిగిందా?"

"లేదు బావా" అన్నాను. "ఇంజన్ని నువ్వు చూసుకున్నట్టు ఇంకెవరూ చూసుకోలేరు." రెండూ అబద్ధాలు కావు. తప్పు నాది. కానీ నాదని చెప్పాలంటే ఏం జరిగిందో చెప్పాలి, అది విని ఆ మనిషి ఒక్క రోజు బతకడు. అన్నం తిని నిద్రపోయాడు, నేను బస్సెక్కాను. ఆ మాట ఆయనకి చెప్పడానికి టీ తాగినంత సేపు పట్టేది. ఆ కాసేపూ పోయాక నాకు ఇన్నేళ్లు మిగిలాయి, ఇన్నేళ్లలో ఎంత వెతికినా అది చెప్పగలిగే ఒక్క నిమిషం లేదు.