గాలి వదలకముందే దిగిన గీతలు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. కోయంబత్తూరు లైబ్రరీలో ఉష్ణ ప్రసారం మీద దొరికిన పుస్తకాలన్నీ సొంతంగా చదువుకున్నవాణ్ణి. వేడి కదిలిందంటే దానికో కారణం ఉంటుందనే నా నమ్మకం.

ఒక ఇంజనీరింగ్ కాలేజీ విండ్ టన్నెల్‌లో నా పని. పెద్ద గొట్టంలో ఇత్తడి నమూనాను నిలబెట్టి దాని మీదికి వేడిగాలి వదులుతాం. పైన వరసగా అతికించిన సెన్సర్లు ఉపరితల ఉష్ణోగ్రతను చెబుతాయి. అది ఎంత త్వరగా పెరిగిందో చూసి, ఇత్తడిలోకి వేడి ఏ రేటున వెళ్లిందో లెక్క కడతాం. ఉష్ణోగ్రత పడితే లెక్క మైనస్‌లో వస్తుంది. అంటే వేడి బయటికి పోయిందని.

నాతో పనిచేసే రంగసామి అన్న గాలి వదలకముందు ఒక్కో సెన్సర్ మీద బొటనవేలు ఆనించేవాడు. వేలి వెచ్చదనానికి తెర మీద గీత పైకి లేస్తే సెన్సర్ బాగున్నట్టు.

"ఏమి తంబీ, నీ లైబ్రరీ బుక్కులో నా వేలి సంగతి ఉండాదా?" అని ఏడిపించేవాడు.

ఆయన గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరాడు. ప్రమాదం తప్పిందన్నారు. ఆవుల్ని చూసుకోవడానికి భార్య సరోజ వదిన కినత్తుకడవు అనే ఊళ్లోని తమ ఇంటికి వెళ్లింది.

మరునాడు మధ్యాహ్నం ల్యాబులో నేనొక్కణ్ణే. టన్నెల్ తలుపు బిగించి, గాలి ఇంకా వదలకుండా రికార్డింగ్ మొదలుపెట్టాను. నమూనా ముక్కు దగ్గరి గీత కిందికి దిగి, మళ్లీ లేచింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత ఇంకొకటి. అన్న వేలు కదిలే వరసే, ఆగే తీరే. లెక్క కట్టాను. గీత దిగిన ప్రతిచోటా మైనస్. ఇత్తడి కంటే చల్లనిదేదో దాన్ని తాకి వేడి తీసుకుంది.

వదినకు ఫోన్ చేశాను.

"ఇప్పుడే ఆస్పత్రికి బయలెల్లు వదినా."

"నిన్న బాగుండాడే తంబీ. ఆవులకు నీళ్లు పెట్టి సాయంత్రం ఒస్తా."

"ఆవుల్ని పక్కింటోళ్లు చూస్తారు. నువ్వు బస్సెక్కు."

"సరి, సరి. అరవొద్దు."

ఆమె వెళ్లేసరికి అన్న మెలకువగానే ఉన్నాడు. తిన్నావా అని అడిగాడట. పొద్దు వాలకముందే మళ్లీ నొప్పి వచ్చింది. చివరి దాకా ఆమె పక్కనే ఉంది.

సెన్సర్లు, వైర్లు అన్నీ పరీక్షించాను. లోపం లేదు. ఐసుముక్క ఆనించి చూశాను. గీతలు వేరే తీరుగా వచ్చాయి.

కర్మం నాడు వదిన చుట్టాలతో అంది: "ఆస్పత్రోళ్లు తంబికి ఫోను చేసినారు. లేకుంటే ఆయన మాట నాకు దక్కేది కాదు."

నేను తల ఊపాను. ఆస్పత్రి నుంచి నాకెవరూ ఫోన్ చెయ్యలేదు. ఏం చూసి ఆమెను అంతగా తొందరపెట్టానో ఈరోజుకీ ఆమెకు చెప్పలేదు.