ఫోటో దిగమంటే

నేను ఐదో తరగతితోనే బడి మానేశాను. ఇట్లాంటిది రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు తారుమారైతే ఏమనుకోకండి.

మా గల్లీ పాతబస్తీలో గాజుల దుకాణాల వెనక ఉంటుంది. పోయిన వానాకాలం మురుగునీళ్ల మోరి పొంగి, నల్లటి నీళ్లు గల్లీ నిండా నిలిచాయి. మా వంటింట్లోకీ వచ్చాయి. స్టవ్వు మంచం మీద పెట్టి వండుకున్నాం. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేసేవాళ్లు రాలేదు. చివరికి మా ఆయన ఒక పేపరు ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున వస్త. అందరు దిగాలె" అన్నాడట ఫోటోగ్రాఫర్.

మా దగ్గర ఫోటో దిగడమంటే చిన్న పని కాదు. అత్తమ్మ పట్టుచీర తీసింది. మా ఆయన పెళ్లిళ్లకు దాచుకున్న చొక్కా వేసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలకు నూనె పెట్టి దువ్వాడు. నేనూ పౌడరు తక్కువేం రాసుకోలేదు. నీళ్లు అందని మెట్ల మీద వరసగా నిలబడ్డాం.

ఫోటోగ్రాఫర్ వచ్చి మమ్మల్ని చూసి కెమెరా పక్కకు పెట్టేశాడు.

"ఏందమ్మా, పెళ్లి బారాత్ ఎటు పోతున్నది?"

"నువ్వే దిగుమన్నవ్ గద బిడ్డా" అంది అత్తమ్మ.

"నీళ్లల్ల దిగుమన్న. రోజు ఎట్ల నడుస్తరో గట్ల. గిట్ల నవ్వుకుంట నిలబడితే మీ గల్లీ మస్తుగున్నదనుకుంటరు."

ఎదురింట్లో ఉండే గాజుల దుకాణం చాచా మా ఆయన్ని చూపించి, "దుల్హా తో తయ్యార్ హై" అన్నాడు, పెళ్లికొడుకైతే తయారేనని. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఈ ఫోటోగ్రాఫర్ కూడా వెళ్లిపోతే మా గోడు ఇంకెవరికి చెప్పుకోవాలి? చీరలు మార్చుకొస్తాం, ఆగమన్నాను. ఇంకోచోటికి పోవాలి, టైం లేదన్నాడు.

అత్తమ్మ పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి నీళ్లలోకి దిగింది. రోజూ పాల ప్యాకెట్టుకు పోయినట్టే నడిచింది. అప్పటిదాకా ఉన్న నవ్వు మొహంలో లేదు. ఫోటోగ్రాఫర్ గబగబా కెమెరా అందుకుని ఫోటో తీశాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో వేశారు. జరీ అంచు, దాని కిందే నల్లటి నీళ్లు. మేము ఇన్నాళ్లూ నోరు నొప్పి పుట్టేలా చెప్పిందంతా అందులో ఉంది. మధ్యాహ్నానికల్లా మోరి తీసే మిషన్ వచ్చింది. సాయంత్రానికి మా వంటింట్లో నేల కనిపించింది.

అత్తమ్మ మాత్రం పేపరు పట్టుకుని అలిగి కూర్చుంది.

"మొఖం కన్న కాళ్లే పెద్దగ పడ్డయ్. గిదేం ఫోటో?"

"ఆ కాళ్లను జూసే మిషనొచ్చిందే అమ్మా" అన్నాడు మా ఆయన.

ఇది రాసినట్టు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, దిద్దిపెట్టేవాళ్లు లేరు. తప్పులన్నీ నావే, మన్నించండి.